క్లచ్ తీయించిన కారు

మా అంబాసిడర్‌లో ముందు సీటు ఒకటే పొడుగాటి సీటు, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా. గేరు పుల్ల స్టీరింగుకి ఎడమ పక్కన ఉండేది. నాన్నగారు కారు నడుపుతుంటే నేను ఆయన్ని ఆనుకుని కూర్చునేదాన్ని. ఆయన క్లచ్ నొక్కి "రెండు" అనేవారు. నేను కుడిచేత్తో పుల్ల కిందికి దించేదాన్ని. "మూడు" అంటే కొంచెం అవతలికి నెట్టి పైకి. చిన్నప్పుడు ఆటగా మొదలైన పని, నాకు ముప్ఫై దాటాక కూడా అలాగే సాగింది. పోనుపోను ఆయన అంకె చెప్పడం మానేశారు. ఆయన ఎడమ మోకాలు పైకి లేస్తే చాలు, నా చెయ్యి పుల్ల మీదికి వెళ్ళేది.

నాకు ఊహ తెలియకముందే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. నాన్నగారు ఏలూరులో మిషను బళ్ళో మాస్టారు. ఆ బడి మేడ మీద ఉండేది. నన్ను రోజూ ఎత్తుకుని ఎక్కించడం, దించడం కుదరక, పగలంతా ఊరి పిల్లలకి చెప్పొచ్చి, సాయంత్రం ఇంట్లో నాకు చెప్పేవారు. లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు అన్నీ ఆయన దగ్గరే. పాటలు అమ్మ నేర్పింది. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. నాకు బడి లేదని ఎవరైనా జాలిపడితే నాకు అర్థమయ్యేది కాదు. ఊళ్ళో పిల్లలందరికీ గంటసేపు దొరికే మాస్టారు నాకు ఇరవైనాలుగు గంటలూ దొరికారు. అందుకు దేవుడికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

ప్రతి ఆదివారం మేము కొల్లేటి ఒడ్డున ఒక లంక ఊరికి వెళ్ళేవాళ్ళం. నాన్నగారికి మొదటి ఉద్యోగం ఆ ఊళ్ళోనే. అక్కడ చిన్న రేకుల ప్రార్థనశాల ఉంది. పాస్టరు గారు నెలకొకసారి వచ్చేవారు. తక్కిన ఆదివారాలు నాన్నగారు వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పేవారు, నేను పాటలు ఎత్తుకునేదాన్ని. ఏలూరు నుంచి హైవే మీద భీమడోలు దాకా, అక్కడ రైలు గేటు దాటి, కాలవ వంతెన ఎక్కి దిగి, చేపల చెరువుల గట్ల మధ్య నుంచి ఊళ్ళోకి. వానాకాలం దారి మీదికి నీళ్ళొస్తే ఒకటో గేరులో, కాలు తీయకుండా, మెల్లగా దాటించేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయన పక్కనుంచి వచ్చే సైకిళ్ళని చూడటం మానేశారు. మానేశారని నేననుకున్నాను. ఎదురుగా ఉన్నది బాగానే కనపడేది. పక్కన ఏముందో తెలిసేది కాదు. కంటి డాక్టరు గారు చూసి నీటికాసులన్నారు, గ్లాకోమా. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో కొన్నాళ్ళు ఆపగలమేమో అన్నారు.

ఆ సాయంత్రం భోజనానికి ముందు ప్రార్థన అయిపోయింది. ఆయన కంచం దగ్గరికి లాక్కోలేదు.

"కారుకి ఆటోమేటిక్ గేర్లు పెట్టిద్దామమ్మా," అన్నారు.

"ఎందుకండీ? ఇప్పుడున్నవి బాగానే ఉన్నాయిగా."

"క్లచ్ ఉండదు. కుడికాలు ఒక్కటి చాలు. నువ్వు నడపొచ్చు."

"నేనెందుకండీ నడపడం? ఒక డ్రైవర్ని పెట్టుకుందాం."

"డ్రైవరు రాని ఆదివారం?"

"ఎవరో ఒకరు రాకపోతారా?"

"ఆ ఎవరో ఒకరి కోసం నువ్వు అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తుంటే నేను చూడలేను తల్లీ. నాకు చూపుండగానే నువ్వు ఒక్కదానివీ కారు తీసుకెళ్ళి, ప్రార్థన కూడిక జరిపించి, తిరిగొచ్చి మన గేటు ముందు ఆపాలి. అది నేను చూడాలి. ఇంకేం అడగను."

గేర్లు పోతే నా చేతికి పని పోతుందని చెబితే చిన్నపిల్ల మాటలా ఉంటుంది. అన్నం వడ్డించాను.

తాడేపల్లిగూడెంలో ఒక మెకానిక్కు అలాంటి పనులు చేస్తాడని ఎవరో చెప్పారు. ఆటోమేటిక్ కొత్త కారు కొనే స్తోమత మాకెలాగూ లేదు. పైగా నాన్నగారికి ఈ కారైతే నాకు అలవాటని ఒక ధైర్యం. షెడ్డులో మెకానిక్కు బానెట్ ఎత్తి, దించి, కారు చుట్టూ తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారండీ, దీనికి ఆటోమేటిక్ పెట్టడమంటే మా తాతకి పేంటు తొడగడమేనండి."

"తాతకి చలేస్తే తొడగాలి కదయ్యా," అన్నారు నాన్నగారు.

"ఆయ్, తొడుగుతానండి. కొలతలు తీసి కుట్టడానికి టైమియ్యమంటన్నాను."

ఆ టైము చాలా పట్టింది. గుద్దుకుని తుక్కుకొచ్చిన ఏదో ఫారిన్ కారు గేరు పెట్టె మద్రాసు నుంచి లారీ మీద రావాలి. అది మా ఇంజనుకి అతకదు కాబట్టి మధ్యలో బిగించడానికి ఒక ఇనప పలక లేత్ మీద తీయించాలి. వెనక చక్రాలకి వెళ్ళే రాడ్డు పొట్టి చేయించాలి. ఒకసారి పలక చిల్లులు తప్పుగా పడ్డాయన్నాడు. ఒకసారి వాళ్ళింట్లో పెళ్ళన్నాడు. మేము బస్సులో వెళ్ళి చూసి వచ్చేవాళ్ళం. మొదట్లో నాన్నగారు కారు కిందికి వంగి చూసి ప్రశ్నలడిగేవారు. కొన్నాళ్ళకి వంగడం మానేసి నిలబడే అడిగేవారు. ఆ తరవాత నన్ను అడిగేవారు.

"ఏం కనపడుతోందమ్మా?"

"ముందు సీటు కోసేశారండీ," అన్నాను ఒకరోజు.

కొత్త గేరు పుల్ల కింద నుంచి వస్తుందట. అందుకని పొడుగాటి సీటుని మధ్యకి కోసి రెండు సీట్లు చేశారు. కోసిన చోట పాత కొబ్బరిపీచు బయటికొచ్చి వేలాడుతోంది. స్టీరింగు పక్కన పుల్ల తీసేసి, ఆ చిల్లుకి నల్లటి రబ్బరు బిళ్ళ ఒకటి పెట్టారు. నాన్నగారు చెయ్యి చాపి ఆ బిళ్ళని వేలితో తడిమారు. నేను వెళ్ళి బల్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగాను.

పని పూర్తయిన రోజు మెకానిక్కే మమ్మల్ని ఏలూరు దాకా దింపుతానన్నాడు. షెడ్డు దాటి రోడ్డెక్కాడో లేదో, అలవాటు కొద్దీ ఎడమ కాలితో క్లచ్ నొక్కబోయాడు. క్లచ్ లేదు. ఉన్న బ్రేకు మీద గట్టిగా తొక్కేశాడు. మేమిద్దరం ముందుకి పడ్డాం. భీమడోలు వచ్చేలోపు ఇంకోసారి అదే పని చేశాడు.

"ఈ కాలు కట్టేసుకోవాలండి దీనికి. పాపగారికి ఆ బాధ లేదులెండి..." అని సగంలో నాలిక్కరుచుకున్నాడు.

నాన్నగారు పెద్దగా నవ్వారు. "మంచి మాటన్నావయ్యా. ఊళ్ళో ఇన్ని కాళ్ళున్నాయి, ఈ కారుకి సరిపోయింది మా అమ్మాయి కాలొక్కటే."

ఆయన అంత నవ్వడం అదే ఆఖరు అనుకుంటాను.

నేర్చుకోవడం కష్టం కాలేదు. ఆ కారు నాకు లోపలి నుంచి తెలుసు. కానీ లైసెన్సు చేతికొచ్చేసరికి నాన్నగారికి వెలుగు, చీకటి తప్ప ఏమీ తెలియడం లేదు. మెకానిక్కు త్వరగా చేసుంటే అని అప్పుడప్పుడు అనుకునేదాన్ని. అతను మాత్రం ఏం చేస్తాడు, తెలిసినంతలో ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. అందుకని రాత్రి ప్రార్థనలో అతన్నీ కలుపుకునేదాన్ని.

నేను మొదటిసారి ఒక్కదాన్నే మా వీధి చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చిన రోజు నాన్నగారు గేటు బయట నిలబడ్డారు.

"ఆపావా?"

"ఆపానండీ."

"గేటుకి ఎంత దూరంలో?"

"దగ్గరే ఆపానండీ."

ఆయన చెయ్యి ముందుకి చాపి, అడుగులు వేసుకుంటూ వచ్చారు. వేళ్ళకి బానెట్ తగిలింది. అది వేడిగా ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉన్నారు. "బాగా ఆపావమ్మా," అన్నారు. ఆయన చూడాలనుకున్నది అంతవరకే ఆయనకి దక్కింది.

ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. నేను స్టీరింగు దగ్గర, ఆయన ఎడం పక్క కొత్త సీట్లో. మొదటి ప్రయాణంలోనే ఒక సంగతి తెలిసింది. మేమిద్దరం ముందుగా ఊహించనిది అది. ఏలూరు దాటాక ఆయన "ఎక్కడున్నాం?" అన్నారు. చెప్పాను. కాసేపటికి మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను. పాత గేర్లయితే ఆయన అడగక్కర్లేదు. రైలు గేటు దగ్గర రెండోది, వంతెన ఎక్కేటప్పుడు ఇంజను మూలుగు, దిగాక మూడోది, నీళ్ళలో ఒకటోది. దారంతా ఆయన చెవుల్లో ఉండేది. కళ్ళు పోయినా ఆ దారి మిగిలి ఉండేది. కొత్త పెట్టె ఎప్పుడు ఏ గేరు మారుస్తుందో నాకే తెలిసేది కాదు. ఇంటి దగ్గర ఎంత మెత్తగా బయల్దేరేదో చివరిదాకా అంత మెత్తగా పోయేది. నాకోసం చేయించిన ఆ మెత్తదనంలో ఆయనకి తెలిసిన దారి పోయింది.

ఆయన ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. నేనే చెప్పడం మొదలుపెట్టాను. "గుండుగొలను వచ్చిందండీ. గేటు వేసి ఉందండీ, గూడ్సు వస్తోంది. వంతెన ఎక్కుతున్నామండీ. ఎడం పక్క చెరువులో నీళ్ళు తోడేస్తున్నారండీ." ఆయన తలాడిస్తూ వినేవారు. ఎప్పుడైనా నేను ఆగితే ఆయన చేతులు సీటు అంచు పట్టుకునేవి.

ఊళ్ళోవాళ్ళకి ఇంకో రకం బాధ వచ్చింది. అంతకుముందు మా కారుకి సెల్ఫ్ స్టార్టరు సరిగా పనిచేసేది కాదు, అందుకని కూడిక అయ్యాక అందరూ కలిసి గట్టు చివరి దాకా నెట్టి స్టార్టు చేయించి పంపేవారు. ముసలివాళ్ళు, పిల్లలు, బాలింతలు కూడా ఒక చెయ్యి వేసేవారు. మెకానిక్కు కొత్త సెల్ఫ్ పెట్టాక ఆ పని తప్పింది. వాన పట్టిన ఒక ఆదివారం మధ్యాహ్నం మేము లైట్లు ఆర్పకుండా లోపలికి వెళ్ళాం. బయటికొచ్చి తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. అది చూసి జనం సంబరపడ్డారు.

"చూశారా మాస్టారండీ, మమ్మల్ని మర్చిపోలేదండి మీ బండి," అంటూ ఒక పెద్దాయన పంచె ఎగ్గట్టాడు.

అందరూ పాట అందుకుని నెట్టారు. కారు గట్టు మీద జోరుగా పోతోంది. నాన్నగారు నా పక్కనుంచి "రెండు వెయ్యమ్మా, ఇప్పుడు!" అని అరిచారు. వెయ్యడానికి రెండు లేదు. ఉన్న పుల్ల ముందుకీ వెనక్కీ జరిపి చూశాను. ఇంజను కదల్లేదు. గట్టు చివర ఆగిపోయాం.

"ఇంకోపాలి లాగండెహె!" అన్నాడు పెద్దాయన. మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ నెట్టారు. బురదలో జారి ఒకావిడ మోకాళ్ళ మీద పడింది. అప్పుడు నాన్నగారికి జ్ఞాపకమొచ్చింది. తలుపు తీసి కారు పట్టుకుని దిగి, గొంతులు వినపడే వైపు తిరిగారు.

"ఆగండయ్యా. మీ తప్పేం లేదు. ఈ గేర్లకి నెడితే స్టార్టవదట. ఆ మెకానిక్కు నాకు చెప్పాడు. నేనే మరిచిపోయాను."

పడిన ఆవిడ చీర దులుపుకుంటూ అడిగింది. "ఎంత మందిమి నెట్టినా అవదాండి?"

"అవదమ్మా."

"అట్టాగాండి," అంది.

చేపల చెరువు దగ్గర ఉన్న ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి స్టార్టు చేశారు. వాళ్ళు చేతులు కడుక్కుంటుంటే మేము బయల్దేరాం. ఆ రోజు నాన్నగారు దారి గురించి ఏమీ అడగలేదు.

ఆ చలికాలంలోనే అది జరిగింది. చెరువుల మధ్య దారిలో నేను ఆయనకి చెబుతున్నాను. కుడిపక్క గట్టు మీద కొల్లేటి కొంగలు బోలెడు వాలాయని, రెక్కల అంచున నలుపుందని, ఒకటి మాత్రం ఒంటికాలి మీద ఉందని. చెబుతూ అటు చూశాను. ఎడమ గట్టు దిగి ఒక సైకిలు దారి మీదికొచ్చింది. బ్రేకు తొక్కాను. కారు ఆగింది కానీ అతను బెదిరి పడిపోయాడు. వెనక కట్టిన ట్రేలోంచి చేపలు రోడ్డంతా జారాయి.

దెబ్బలేమీ తగల్లేదు. లేచి నిలబడి గట్టిగా అన్నాడు. "కబుర్లు ఇంటికాడ సెప్పుకోండమ్మా! రోడ్డు మీద రోడ్డు సూడాలి!"

నేను కర్ర పట్టుకుని దిగి, వంగగలిగినంత వంగి చేపలు ఏరి ఇచ్చాను. అతను కోపం తగ్గించుకుని "మీరుండండి, నేనేరుకుంటాను," అన్నాడు. కార్లో నాన్నగారు తల వంచుకుని కూర్చుని ఉన్నారు. ఇంటికొచ్చే దాకా ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థన చేసుకుంటున్నారని నేనూ మాట్లాడలేదు.

గేటు ముందు ఆపాక చెప్పారు. "వచ్చే ఆదివారం నుంచి నేను రానమ్మా."

"అదేంటండీ! ఏదో ఒక్కసారి..."

"నాకు దారి చెబుతూ నువ్వు దారి చూడ్డం లేదు."

"ఇంక చెప్పనండీ. మీరు ఊరికే కూర్చోండి చాలు."

"కూర్చోలేను తల్లీ. నువ్వు చెప్పకపోతే చీకట్లో నన్నెక్కడికో తీసుకుపోతున్నట్టుంటుంది." తలుపు పిడి కోసం తడుముకున్నారు. "భయమేస్తుంది."

ఆయన నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు. నా జ్వరాల్లో, అమ్మ పోయినప్పుడు కూడా వినలేదు. రమ్మని ఇంక బతిమాలలేదు.

మరుసటి ఆదివారం పొద్దున్నే ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకున్నాం. చదవాల్సిన భాగం ఆయనే చెప్పారు, నేను పేజీలో కాగితం ముక్క పెట్టుకున్నాను. ఒక్కదాన్నే వెళ్ళాను. ఊళ్ళోవాళ్ళు కారు ఆగగానే ఎడం పక్క తలుపు దగ్గరికి వెళ్ళారు, అలవాటు. తలుపు తీసి ఎవరూ లేకపోతే ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నేను వాక్యం చదివాను, నాకు వచ్చిన నాలుగు మాటలు చెప్పాను. ఎవరూ తొందరపెట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారి తప్ప ఏమీ చూడలేదు.

మా వీధిలోకి తిరిగేసరికి ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. మధ్యాహ్నం నుంచి అక్కడే ఉన్నారని పక్కింటావిడ చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదట. పాత కారైతే వీధి మొదట్లో గేరు తగ్గించేటప్పుడే ఇంట్లోకి వినపడేది. ఇప్పుడు నేను ఎదురుగా వచ్చి ఆపేదాకా ఆయనకి తెలియలేదు.

"ఎవరు?" అన్నారు.

"నేనేనండీ."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నేనండీ."

"స్తోత్రం," అన్నారు. గేటు చువ్వ పట్టుకున్న చెయ్యి ఇంకా తీయలేదు. ఆయన కోరుకున్నట్టే జరిగింది. అంతకంటే ఒంటరిగా ఆయన నాకు ఎప్పుడూ కనపడలేదు.

ఆ పైన ఒక ఏడాదికి పైగా ఉన్నారు. ప్రతి ఆదివారం నేను వచ్చాక ఎవరెవరు వచ్చారు, ఏ పాట పాడాం, ఎవరికి ఒంట్లో బాగాలేదు అన్నీ అడిగేవారు. దారి సంగతి మాత్రం అడిగేవారు కాదు. వానలకి ముందు ఒక తెల్లవారుజామున, నిద్రలోనే, ఏ ఇబ్బందీ లేకుండా పోయారు. అంత నెమ్మదిగా తీసుకున్నందుకు దేవుడికి స్తోత్రం చెప్పాను. చెప్పాను గానీ, ఆ వేళ నోరు మాత్రమే చెప్పింది.

మరునాడు మధ్యాహ్నం భూస్థాపన. లంక ఊరి నుంచి వయసువాళ్ళు బస్సులో వచ్చేస్తామని కబురు పంపారు. ముసలివాళ్ళు బస్సెక్కలేరు. మాస్టారిని ఒక్కసారి చూస్తామని ఏడుస్తున్నారట. మా బాబాయిగారు నేను తీసుకొస్తానని కారెక్కారు. గేటు దాటకుండానే ఎడమ కాలితో బ్రేకు తొక్కి, తొక్కి, చెమటలు కక్కుతూ దిగిపోయారు.

"నేను వెళ్తానండీ," అన్నాను.

"తండ్రి దగ్గర కూతురు లేకపోతే ఎలాగమ్మా? నలుగురూ ఏమనుకుంటారు?" అంది మేనత్త.

"ఆయన నాకోసం చేయించిన కారత్తయ్యా," అన్నాను. అత్తయ్య నా మొహంలోకి చూసి, పక్కకి జరిగింది.

పొద్దున ఒకసారి వెళ్ళి కారు నిండా తీసుకొచ్చాను, మళ్ళీ వెళ్ళి ఇంకోసారి తీసుకొచ్చాను. నాన్నగారి సీట్లో ఒకసారి చూపు ఆనని ఒక ముసలమ్మ, ఒకసారి పంచె ఎగ్గట్టిన ఆ పెద్దాయన. నేను ఏడవలేదు, కళ్ళు దారి మీద ఉండాలి కాబట్టి. అందరూ ఆయన్ని చూశారు. అందరి చేతుల మట్టీ ఆయనకి అందింది.

సాయంత్రం వాళ్ళని దింపి వస్తుంటే చెరువుల మధ్య దారిలో నేను ఒక్కదాన్నే. అక్కడ పక్కకి తీసి కారు ఆపాను. ఇంజను ఆపాను. నిన్నటి నుంచి ఆగినదంతా వచ్చింది. నీళ్ళ మీద ఎండ ఎర్రబడేదాకా అలాగే ఉండిపోయాను. తరవాత పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, అద్దం లోంచి చూశాను. దారి ఇంకా మసగ్గానే ఉంది. అది తేటపడేదాకా కాచుకుని, బయల్దేరాను.